సమాధానం: ఎంపారి పీఠభూమి చెరువుల్లో మేజ్ శిఖరం ప్రతిబింబం

ఫ్రాన్స్ ఆల్ప్స్‌లోని ఎంపారి పీఠభూమి మీద, మేజ్ శిఖరం ప్రతిబింబం ఫొటో తీద్దామని మధ్యాహ్నం రెండింటికి లేరియే చెరువు చేరాం, నీళ్లన్నీ అలలే, ఫొటోలో కొండేమో నల్లగా వచ్చింది అన్నారు కదా. తప్పు కెమెరాది కాదండీ, టైమింగ్‌ది. మేజ్ (సుమారు 3,983 మీటర్లు) పీఠభూమికి దక్షిణాన ఉంటుంది, మనకి కనిపించేది దాని ఉత్తర ముఖం. మధ్యాహ్నం ఎండ ఎదురుగా కొడుతుంది, పైగా ఎండెక్కాక గాలి లేస్తుంది. లోతు తక్కువ చెరువు, చుట్టూ చెట్టన్నదే లేదు. చిన్న గాలికే నీళ్లు చెదిరిపోతాయి.

జూన్ చివర్లోనో జులైలోనో అయితే సూర్యుడు ఈశాన్యంలో ఉదయిస్తాడు కాబట్టి తెల్లవారుజామున ఆ ముఖం మీద వెలుగు పడుతుంది. ముందు రోజు రాత్రి దగ్గర్లోని లా గ్రావ్ ఊళ్లోనో షజ్లే ఊళ్లోనో ఉండిపోండి. షజ్లే నుంచి లేరియేకి దాదాపు 600 మీటర్ల ఎక్కుడు. మొదట్లోనే ఆయాసం, పైకెళ్లాక గడ్డి మైదానమే. పెద్దవాళ్లని లేరియే దగ్గరే కూర్చోబెట్టి, మీరు ఇంకాస్త పైనున్న నువార్ చెరువు చూసి రావచ్చు. నాకైతే నువారే ఇష్టం, జనం తక్కువ.

రెండూ సహజమైనవే, హిమానీనదం రాతిని గీరేసిన గుంటల్లో నీళ్లు నిలిచి ఏర్పడ్డవి. మీరు అడిగిన మూడోది, గ్రెనోబుల్ నగరం దారిలో కనిపించే షంబోన్, ఆనకట్ట కట్టిన జలాశయం. దాన్ని ఈ లెక్కలో వేయకండి.

గొర్రెల మంద కనిపిస్తే మాత్రం దూరంగా చుట్టి వెళ్లండి. కాపలా తెల్ల కుక్కలు ఫొటోలకి ఆగే రకం కాదు.