పోలీసులపై పౌరుల పర్యవేక్షణ: సియాటిల్‌లో చూసినది

మీ నగరంలో పోలీసులపై పౌరుల పర్యవేక్షణ సంఘం ఏర్పాటు చేయాలన్న ప్రతిపాదన వచ్చిందనీ, దానివల్ల ఫలితం ఉంటుందా, అందులో మన తెలుగువారికి పనేముందనీ అడిగారు. అమెరికాలోని సియాటిల్‌లో ఉంటూ, ఇక్కడి పౌరుల పర్యవేక్షణ సంఘమైన కమ్యూనిటీ పోలీస్ కమిషన్ బహిరంగ సమావేశాలకు వెళ్లిన అనుభవంతో చెబుతున్నాను: ఫలితం ఉంటుంది, కానీ చట్టం ఆ సంఘానికి ఎంత అధికారమిస్తే అంతే.

ఇక్కడ ఆ కమిషన్ ఎవరి దయవల్లా రాలేదు. 2010 ఆగస్టులో జాన్ టి. విలియమ్స్ అనే మూలవాసి చెక్కశిల్పిని ఒక పోలీసు నడివీధిలో కాల్చి చంపిన తరువాత, 30కి పైగా పౌరసంస్థలు కలిసి అమెరికా న్యాయశాఖకు లేఖ రాశాయి. ఆ శాఖ విచారణ జరిపి, బలప్రయోగం మితిమీరుతున్నదని తేల్చింది. 2012లో నగరానికీ న్యాయశాఖకూ మధ్య కోర్టు పర్యవేక్షణలో కుదిరిన ఒప్పందం నుంచి ఈ కమిషన్ పుట్టింది. 2017 నాటి నగర చట్టం దానిని శాశ్వతం చేసి 21 మంది సభ్యులను నిర్దేశించింది. ఫిర్యాదులను విచారించేది మాత్రం వేరొక కార్యాలయం. శిక్ష విధించేది పోలీసు చీఫ్. పైగా 2018లో పోలీసు యూనియన్‌తో నగరం చేసుకున్న ఒప్పందం ఆ చట్టంలోని కొన్ని రక్షణలను నీరుగార్చింది. జవాబుదారీతనం విషయంలో నగరం దారి తప్పిందని 2019లో ఆ 2012 ఒప్పందాన్ని పర్యవేక్షిస్తున్న న్యాయమూర్తే చెప్పవలసి వచ్చింది.

మనవారిలో చాలామందికి ఈ వ్యవస్థ ఒకటుందని తెలిసింది ఆదోని అమ్మాయి కందుల జాహ్నవి మరణం తరువాతే. 2023 జనవరిలో, గంటకు 25 మైళ్ల పరిమితి ఉన్న వీధిలో 74 మైళ్ల దాకా వేగం పెంచిన పోలీసు కారు ఆమెను ఢీకొట్టింది. ఆమె ప్రాణానికి పెద్ద విలువ లేదన్నట్టు మరొక అధికారి నవ్వుతూ మాట్లాడిన బాడీ కెమెరా రికార్డింగు ఆ సెప్టెంబరులో బయటపడింది. దానిని ముందుగా గమనించి పైవారికి చెప్పింది పోలీసు శాఖలోని ఉద్యోగే అన్నది గుర్తుంచుకోదగిన విషయం. విచారణ ముగిసి, నవ్విన అధికారిని 2024 జూలైలో, కారు నడిపిన అధికారిని 2025 జనవరిలో ఉద్యోగాల నుంచి తొలగించారు. ఆలస్యమే, కానీ ఈ యంత్రాంగం లేకుంటే ఆ మాత్రమైనా జరిగేదని నేననుకోను.

ఆ సమావేశ మందిరాల్లో మనకన్నా ఎన్నో ఏళ్ల ముందు నుంచీ కూర్చుంటున్నవారు నల్లజాతివారు, మూలవాసులు. మనకు కష్టం వచ్చినప్పుడే వెళ్లి కొవ్వొత్తులు వెలిగించి తిరిగి రావడం వారితో స్నేహం అనిపించుకోదు. వారి ఫిర్యాదు చర్చకు వచ్చిన రోజున కూడా మనం హాజరు కావాలి. ఇక మీ ప్రతిపాదనలో ముందుగా చూడవలసినవి ఆ సంఘానికి సొంత విచారణాధికారులు ఉంటారా, రికార్డులు తెప్పించుకునే హక్కు ఉంటుందా అన్నవి. యూనియన్ ఒప్పందం గడువు ఎప్పుడు ముగుస్తుందో కూడా తెలుసుకొని, కొత్త ఒప్పందంపై చర్చలు మొదలవకముందే మీ కౌన్సిల్ సభ్యులను కలవండి.