ఉల్లి వేరుకొన స్లైడులో కణం నడుము ఎందుకు నొక్కుకోలేదు?

స్లైడు తప్పు కాదు, దాని పక్కన పెట్టుకున్న బొమ్మ తప్పు. కర్నూలు మార్కెట్లో కొన్న ఉల్లిగడ్డ వేరుకొనలో, రెండుగా విభజన చెందే కణం బొమ్మలోలా గుండ్రబడలేదు, నడుము నొక్కుకోలేదు అని మీరు అడిగారు. ఆ రెండూ జంతు కణం సంగతులు.

జంతు కణంలో పొర కింద ఆక్టిన్, మయోసిన్ ప్రోటీన్లు బిగుసుకుని కణాన్ని గుండ్రం చేస్తాయి. చివర్లో రో-ఏ ప్రోటీను సంకేతంతో అవే నడుము చుట్టూ వలయం కట్టి, సంచి మూతి తాడు లాగినట్టు బిగిస్తాయి. ఉల్లి కణానికి గట్టి గోడ ఉంది, ఈ పప్పులు ఉడకవు. అక్కడ మైక్రోట్యూబ్యూళ్ల (కణంలోని సన్నని గొట్టాల్లాంటి పోగుల) వెంట చిన్న తిత్తులు మధ్యకు చేరి కణఫలకం, అంటే రెండు కొత్త కణాల మధ్య అడ్డుగోడకు తొలి రూపు, కడతాయి. అది మధ్య నుంచి అంచులకు పెరుగుతుంది. మీ స్లైడులో ఆ ఫలకాన్ని చూడాలంటే ఇలా చేయండి:

1. క్రోమోజోములు రెండు గుంపులుగా విడిపోయిన కణం వెతకండి.
2. 40 రెట్ల కటకం పెట్టండి.
3. కండెన్సర్ డయాఫ్రం (స్లైడు కింద వెలుగును తగ్గించే తెర) సగానికి పైగా మూయండి. అందరూ వదిలేసేది ఇదే! అసిటోకార్మిన్ రంగు క్రోమోజోములకే బాగా పడుతుంది, ఫలకానికి కాదు. వెలుగు ఎక్కువైతే ఆ సన్నని గీత మాయం.
4. సన్న మరను (ఫోకస్ సరిచేసే చిన్న మరను) నెమ్మదిగా అటూ ఇటూ తిప్పండి.

కణం నడుము నొక్కుకోవడమే చూడాలంటే ల్యాబులో వైట్‌ఫిష్ బ్లాస్టులా (చేప తొలి దశ పిండం) స్లైడు అడగండి.