షుగర్ ఉన్నవాళ్లకు ఫంగస్ భయం ఎంత?

గుంటూరులో ఉంటున్న మీ అమ్మగారికి షుగర్ ఉంది, క్యాన్సర్ లాంటిదేమీ లేదు, అయినా ఒంటి లోపలికి పాకే ఫంగస్ వస్తుందా అని అడిగారు. వస్తుందండీ. మారింది అదే.

ఒకప్పుడు ఇది ఎక్కువగా బ్లడ్ క్యాన్సర్, అవయవ మార్పిడి రోగుల జబ్బు. ఇప్పుడు ఐసీయూలో ఎక్కువ రోజులున్నవాళ్లకు, స్టెరాయిడ్లు వాడినవాళ్లకు, అదుపులో లేని షుగర్ ఉన్నవాళ్లకూ వస్తోంది. 2021లో కోవిడ్ రెండో వేవ్‌లో బ్లాక్ ఫంగస్ విరుచుకుపడింది అందుకే. దాని బీజాలు మిర్చి యార్డు దుమ్ములోనూ, పెరటి మట్టిలోనూ ఉంటాయి. గాలి పీల్చకుండా ఉండలేం. కాబట్టి మన చేతిలో ఉన్నది షుగర్ అదుపే.

నన్ను ఎక్కువగా భయపెట్టేది కాండిడా ఆరిస్ అనే మరో ఫంగస్. 2009లో జపాన్‌లో ఒక రోగి చెవిలో తొలిసారి గుర్తించారు. ఫంగస్‌కు మామూలుగా వాడే ఫ్లుకోనజోల్ మందుకు చాలావరకు లొంగదు, మంచాలకు, పరికరాలకు అంటుకుని ఆసుపత్రిలోనే ఒకరి నుంచి ఒకరికి పాకుతుంది. బ్లాక్ ఫంగస్ అలా అంటుకోదు.

అమ్మగారికి ముఖం ఒకవైపే నొప్పి, వాపు, ముక్కులోంచి నల్లటి స్రావం, పళ్లు కదలడం, ఒకటి రెండుగా కనిపించడం లాంటివి మొదలైతే ఆరోజే ఈఎన్‌టీ డాక్టర్‌కు చూపించండి. తెల్లారేదాకా ఆగొద్దు.