మంజుల ఎక్కడ సిగ్గుపడదు?

తమ్ముడూ,

కథ అందింది. ఒకసారి చదివి పక్కన పెట్టి, మళ్ళీ తీసి చదివాను. నీకు వాక్యం వచ్చు. ఆ మాట ముందే చెప్పేస్తున్నా, ఎందుకంటే ఇక్కణ్ణుంచి నేను రాసేదంతా మంజుల గురించి పేచీయే, అది చదివి నాకు రాయడమే రాదేమో అని కుంగిపోవద్దు. బొమ్మనహళ్ళిలో గార్మెంట్స్ ఫ్యాక్టరీకి వెళ్ళే అమ్మాయి మంజుల, ఎలక్ట్రానిక్ సిటీలో సాఫ్ట్‌వేర్ ఉద్యోగం చేసే గుంటూరు అబ్బాయి కార్తీక్, ఆమె గదీ అతని పీజీ ఒకే వీధిలో. రాయాల్సిన కథే ఇది. బెంగుళూరు తెలుగువాళ్ళ గురించి రాసేవాళ్ళు చాలామంది ఆ పీజీ మెట్ల దగ్గరే ఆగిపోతున్నారు. నువ్వు వీధి దాటి చూశావు, అందుకే ఇంత పొడుగు ఉత్తరం.

నాకు అడ్డం పడింది ఆమె సిగ్గు. పేజీ తిప్పితే చాలు తల దించుకుంటుంది, కాలి బొటనవేలితో నేల రాస్తుంది, చున్నీ కొస వేలికి చుట్టుకుంటుంది. ఇవన్నీ కార్తీక్‌కి కనపడేవి, అతనికి ముచ్చటగా ఉండేవి. ఆ నిమిషంలో ఆమె బుర్రలో ఏం తిరుగుతోందో కథ మొత్తంలో ఒక్క లైను లేదు. నోరు పెగలని మనిషి లోపల ఎంత గోలగా ఉంటుందో నీకు నేను చెప్పాలా? ఏం అడుగుతాడో, ఏం చెప్తే ఏం బయటపడుతుందో, అన్నీ లెక్కలే.

అందుకని నిన్ను ఒకటే అడుగుతున్నా: మంజుల ఎక్కడ సిగ్గుపడదు?

ఆ వీధుల్లో నేను చాలా ఏళ్ళు ఉన్నాను, గార్మెంట్స్‌కి వెళ్ళే ఆడవాళ్ళ మధ్యే ఉన్నాను. కుళాయి దగ్గర నోరు విప్పని పిల్ల ఫ్యాక్టరీలో మెషిన్ మీద కూర్చుంటే సూపర్‌వైజర్‌తో కన్నడంలో ఎదురు మాట్లాడుతుంది. గంటకిన్ని పీసులు అని బోర్డు మీద రాస్తారు, తగ్గితే అందరి ముందూ అరుస్తారు. ‘బండిల్ మీరు లేటుగా ఇచ్చి నన్నంటే ఎట్లా’ అని ఈ పిల్లే అడుగుతుంది. నీ కథలో ఫ్యాక్టరీ గేటు బయట మాత్రమే ఉంది. లోపలికి తీసుకెళ్ళు. మంజుల కాలర్లు కుట్టే అమ్మాయి అని నువ్వే రాశావు, రాసి వదిలేశావు! రోజంతా కాలర్ మూలలు తిప్పి, కుట్టి, మళ్ళీ తిప్పే మనిషికి ఎదురుగా నిలబడ్డ అబ్బాయి కళ్ళు ముందు కనపడతాయా, కాలర్ కనపడుతుందా? కుడి మూల ఎడమ మూల కంటే కాస్త పొడుగు. తమ ఫ్యాక్టరీలో అయితే అది ఆల్టర్ కింద, విప్పి మళ్ళీ కుట్టమని, వెనక్కి వచ్చేది. ఆ చొక్కా షాపులో ఎంతకి అమ్ముతారో ఆమెకు తెలుసు, రేటు చీటీలు ఫ్యాక్టరీలోనే తగిలిస్తారు కాబట్టి. ఒక్క చొక్కా అంత ఖరీదంటే తన జీతంలో ఎన్ని రోజులదో కూడా తెలుసు. తల వంచుకుని ఆమె చూస్తున్నది ఇదీ. అప్పుడు ఆ తల వంచడానికి నేను ఒప్పుకుంటాను.

ఇంక ఆ ప్రేమలేఖ. మంజులది బాగేపల్లి అన్నావు. బాగేపల్లి కర్ణాటకలో ఉంది నాయనా, చిక్కబళ్ళాపురం జిల్లా. ఇంట్లో తెలుగు, సంతలో తెలుగు, బడి మాత్రం కన్నడం. అటు ముళబాగిలు, పావగడ వైపు కూడా చాలా ఇళ్ళలో ఇంతే. అక్కడ పదో తరగతి దాకా కన్నడ మీడియంలో చదివిన పిల్ల ‘నా హృదయ వేదన మీకు ఎలా విన్నవించను’ అని అచ్చ తెలుగు అక్షరాల్లో ఉత్తరం రాయదు. ఆమె తెలుగు మాట్లాడుతుంది, ఆ తెలుగు రాయాల్సి వస్తే కన్నడ అక్షరాల్లో రాస్తుంది. రెండు లిపులూ అక్కాచెల్లెళ్ళే, చాలా అక్షరాలకి తలకట్టు మారుతుందంతే, కాబట్టి కార్తీక్ కూడబలుక్కుని చదవగలడు. ఆ సీను ఒకసారి ఊహించుకో. ఇంజనీరింగ్ చదివిన మనిషి చిన్న కాగితం పట్టుకుని ఒకటో తరగతి పిల్లాడిలా ఒక్కో అక్షరం పైకి చదువుతున్నాడు, పైకి చదివితేగానీ అది తెలుగని అర్థం కావడం లేదు. ‘తింటివా’ అని వస్తుంది అతని నోట్లోంచి. గుంటూరువాడు ఎప్పుడూ అనని మాట అది, వాళ్ళ ఊరి మాట. తన మాట తన యాసతో సహా ఆయన గొంతులో వినపడితే ఆ పిల్ల ఏమైపోవాలి? నీ దగ్గర ఇంత ఉండగా హృదయ వేదన దేనికి?

అతను పంపేది ఇంగ్లీషు అక్షరాల్లో తెలుగు. ఆమె అది చదువుతుంది, కానీ నెమ్మదిగా. జవాబు టైపు చేస్తే స్పెల్లింగు తప్పుపోతుందని వాయిస్ మెసేజ్ పెడదామనుకుంటుంది, అక్కడ ఇంకో టెన్షన్. గదిలో ఇంకో ముగ్గురున్నారు. రికార్డు చేస్తుంటే కుక్కర్ కూత, డిలీట్. మళ్ళీ చేస్తే ఎవరో కిసుక్కున నవ్వారు, డిలీట్. మేడ మీదకి పోయి బట్టల దండేల మధ్య నిలబడి గొంతు సవరించుకుని చేసింది, విని చూసుకుంటే తన తెలుగు తనకే మోటుగా అనిపించింది, అదీ డిలీట్. చివరికి ఒక నమస్కారం బొమ్మ పంపి ఊరుకుంది. అవతల కార్తీక్‌కి ఆ బొమ్మ మాత్రమే చేరింది, ఈ అమ్మాయికి నా మీద ఏమీ లేదేమో అనుకున్నాడు. ఇద్దరి మధ్య చదువు తేడా అని నువ్వు రెండు పేరాలు ఉపన్యాసం రాశావు చూడు, అది కొట్టేసి ఇది రాయి.

కాఫీ షాపు సీను పూర్తిగా తీసెయ్. ఫోర్కు పట్టుకోవడం రాక కంగారుపడే పేదపిల్లని సినిమాల్లో చూసి చూసి విసుగొచ్చింది, పైగా అక్కడ కథ కూడా ఆమెని చూసి కాస్త నవ్వుతోంది. దాని బదులు వాళ్ళిద్దర్నీ బస్సెక్కించు. 2023 జూన్ 11 నుంచి కర్ణాటక ఆడవాళ్ళకి ఆర్డినరీ బస్సుల్లో టికెట్‌కి డబ్బుల్లేవు, ఏసీ వజ్ర బస్సులో మాత్రం డబ్బులివ్వాలి. కార్తీక్ అలవాటుకొద్దీ వజ్ర ఎక్కుదామంటాడు. ఆమె ఏదో సాకు చెప్పి ఆర్డినరీ దగ్గరికి నడుస్తుంది. కండక్టర్ వస్తే అతను ఇద్దరికీ కలిపి డబ్బులు చాపుతాడు, ఈమె ఆధార్ కార్డు తీసి చూపించి జీరో టికెట్ తీసుకుంటుంది. ఆ కార్డు మీద ఫోటో, ఊరు, తండ్రి పేరు అన్నీ అతనికి కనపడేలా ఉన్నాయని బొటనవేలు అడ్డం పెడుతుంది. అంతే సీను, వివరించకు.

మాట వచ్చింది కాబట్టి, కులం ఊసెత్తకుండా తప్పుకున్నావు. జీతం, చదువు, భాష అన్నీ ఉన్నాయి, అదొక్కటే లేదు. కార్తీక్ వాళ్ళమ్మ ఫోన్లో మొదట అడిగేది ‘ఏం చదివింది’ అనా, ‘మనోళ్ళేనా’ అనా? నీకూ తెలుసు, నాకూ తెలుసు. పేజీలకొద్దీ వద్దు, ఆ ఒక్క ప్రశ్న పెట్టి కార్తీక్ ఏం జవాబు చెప్పాడో రాయి. లేదా చెప్పకుండా ఎలా మాట మార్చాడో రాయి. అతని మంచితనం మీద నీకు మరీ నమ్మకం ఎక్కువగా ఉంది, కాసేపు అతన్ని కూడా ఇరుకున పెట్టు.

ఇంకొకటి, మంజుల పిన్ని. ఒక్కసారి వచ్చి ‘మనకెందుకే ఇవన్నీ’ అని పోతుంది. ఆమె కూడా హోసూరు రోడ్డు మీదే ఏళ్ళ తరబడి గార్మెంట్స్‌లో చేసిన మనిషైతే 2016 ఏప్రిల్ ఆమెకు గుర్తుండాలి. పీఎఫ్‌లో యాజమాన్యం వాటాని 58 ఏళ్ళు వచ్చేదాకా తీసుకోకూడదని కేంద్రం నిబంధన తెస్తే బెంగుళూరు గార్మెంట్స్ ఆడవాళ్ళు వేలమంది రెండు రోజులు పని ఆపి రోడ్డెక్కారు. హోసూరు రోడ్డు ఆగిపోయింది. లాఠీలు లేచాయి. 19వ తారీఖున కేంద్రం ఆ నిబంధన వెనక్కి తీసుకుంది. పిల్ల పెళ్ళికో, ఊళ్ళో అప్పుకో ఆ పీఎఫ్ డబ్బే ఆధారం, అందుకు అంత తెగించారు. మామూలు రోజుల్లో పరాయి మగాడు ఎదురైతే కొంగు సర్దుకుని పక్కకి జరిగే ఆడవాళ్ళే వాళ్ళంతా. ఆ పిన్ని మంజులకి బుద్ధులు చెప్పనక్కర్లేదు, బియ్యం ఏరుకుంటూ ఆ రెండు రోజుల సంగతి చెప్తే చాలు. మంజుల ఏం విన్నదో మేం చూసుకుంటాం.

ఆఖర్న ఆమెని ఉద్యోగం మానిపించి, కన్నీళ్ళతో బాగేపల్లి బస్సెక్కించావు. ఎందుకు? ఇంటికి డబ్బు పంపేది ఆమె, తమ్ముడి ఫీజు కట్టేది ఆమె, ప్రేమ కుదరకపోతే వెళ్ళిపోవాల్సింది మాత్రం ఆమేనా? పీజీ మారడం అతనికి ఎంతసేపు పని, ఒక సూట్‌కేసు, ఒక ఆటో. వాళ్ళిద్దరికీ పెళ్ళి చేస్తావో విడదీస్తావో నీ ఇష్టం, నాకు రెండూ సమ్మతమే. ఏదైనా సోమవారం పొద్దున ఆమె పంచ్ కొట్టే టైముకి గేటు దగ్గర ఉండాలి, ఆలస్యమైతే అటెండెన్స్ బోనస్ పోతుంది కదా.

తిరగరాసేముందు ఒక ఆదివారం బాగేపల్లి వెళ్ళిరా, హైదరాబాద్ హైవే మీదే ఉంది, సంతలో కాసేపు ఊరికే నిలబడి విను. వచ్చాక మొదటి రెండు పేజీలు, ఆ వాన వర్ణనతో సహా, తీసేసి నేరుగా బస్సు దగ్గర మొదలుపెట్టు. పత్రికకి ఇప్పుడే పంపకు, దసరా లోపు నాకు పంపు, ఈసారి ప్రింటు తీసి పంపితే నాకు పక్కన రాయడానికి వీలుగా ఉంటుంది.

ఉంటాను,
అక్క