సీరియల్ పోర్టు ప్రోగ్రామర్ మీద రాస్తున్న తమ్ముడికి

తమ్ముడూ,

జేడీఎమ్ ప్రోగ్రామర్ మీద, అంటే పిక్ మైక్రోకంట్రోలర్ చిప్పుల్లోకి సీరియల్ పోర్టు గుండా ప్రోగ్రాము ఎక్కించే చిన్న సర్క్యూట్ మీద నువ్వు రాసిన వ్యాసం చదివాను. సర్క్యూట్ ఎలా కట్టాలో బాగా చెప్పావు. తీరా అది పని చెయ్యకపోతే ఏం చెయ్యాలో దగ్గరికొచ్చి "వోల్టేజీలు సరిచూసుకోండి" అని ఒక్క ముక్కతో తప్పించుకున్నావు. చదివేవాడికి నీ అవసరం పడేదే అక్కడ!

మల్టీమీటర్ నల్ల ప్రోబ్ ఎక్కడ పెట్టాలి? ఎవరైనా సీరియల్ పోర్టు డీబీ9 కనెక్టర్ 5వ పిన్ను మీదే పెడతారు, గ్రౌండ్ అదే కదా అని. ఈ సర్క్యూట్‌లో పోర్టు గ్రౌండ్ కలిసేది చిప్పు వీడీడీకి, అంటే ప్లస్ సప్లై పిన్నుకి. చిప్పు అసలు గ్రౌండ్ పిన్ను వీఎస్ఎస్ దానికంటే 5 వోల్టులు కింద ఉంటుంది. బయటి సప్లై లేకుండా పోర్టు నుంచే, చిప్పులో రాయడానికి కావలసిన 13 వోల్టులు రాబట్టే కిటుకు అది. పోర్టు గ్రౌండ్ నుంచి కొలిస్తే వీడీడీ దగ్గర సున్నా వస్తుంది. అది చూసి కంగారుపడి వోల్టేజీని కట్టడి చేసే మంచి జీనర్ డయోడ్లను పీకేస్తారు. కాబట్టి స్పష్టంగా రాయి: పిక్ 16ఎఫ్84 అయితే నల్లది చిప్పు 5వ పిన్ను (వీఎస్ఎస్) మీద, ఎర్రది చిప్పు 14వ పిన్ను (వీడీడీ) మీద పెడితే 5 వోల్టులు, ప్రోగ్రాము ఎక్కించే సాఫ్ట్‌వేర్ ఐసీ-ప్రోగ్ హార్డ్‌వేర్ చెక్‌లో ఎమ్‌సీఎల్ఆర్ (చిప్పు రీసెట్ పిన్ను) ఆన్ చేసి, నల్లది అక్కడే ఉంచి చిప్పు 4వ పిన్ను చూస్తే 13 దగ్గర. ఎంత రావాలో చెప్పకుండా కొలవమంటే ఎలా?

చిప్పు మెమరీ చదివినప్పుడు అన్నీ 3ఎఫ్ఎఫ్ఎఫ్ (అంటే బిట్లన్నీ ఒకట్లే) వస్తే చిప్పు పోయిందని తేల్చేశావు. తొందరపడ్డావు. ఖాళీ చిప్పు కూడా అలాగే కనిపిస్తుంది. చిప్పు తీసేసి మళ్లీ చదవమను. అప్పుడూ అదే వస్తే, ఆ అంకె చూసి చిప్పు పోయిందని చెప్పలేం; చిప్పుకీ పోర్టుకీ మధ్య డేటా లైను కూడా సరిచూడమను.

ల్యాప్‌టాప్ సంగతి చివర్లో చిన్న అక్షరాల్లో పెట్టావు, దాన్ని మొదటికి తీసుకురా. సీరియల్ పోర్టు ఉన్న పాత ల్యాప్‌టాప్‌లలో చాలావాటి పోర్టులు 5, 6 వోల్టులకు మించి ఇవ్వవు, వాటితో 13 రాదు. యూఎస్‌బీ కన్వర్టర్ అయితే ఇంకో తంటా: లైను మారిన ప్రతిసారీ యూఎస్‌బీ గుండా వెళ్లిరావాలి, పని నత్తనడకే. పోర్టు అడ్రసులకు నేరుగా రాసే సాఫ్ట్‌వేర్‌కైతే ఆ కన్వర్టర్ కనిపించనే కనిపించదు. ఇది ముందే తెలిస్తే ఆ పాఠకుడు సోల్డరింగ్ ఐరన్ ముట్టుకోడు.

థియరీ పేరా సగానికి కోసెయ్. బొమ్మలో జీనర్ల పక్కన 5.1, 8.2 అని విలువలు వెయ్యడం మరిచావు, అవి వేసి మళ్లీ పంపు.

మీ అన్నయ్య