క్యాలెండర్ వేసే ముందు

బిడ్డా,

హైదరాబాద్ ఫొటోలతో క్యాలెండర్ వేసి అమ్ముతావట, నిన్న మీ అమ్మ ఫోన్ చేసింది. మామ బుద్ధులు నీకూ వచ్చినయని మురిసిపోయాను. రాత్రి రెండింటికి లేచి కూర్చున్నది కూడా నిజమే.

కట్టడాల గురించి ఫికర్ లేదు. చార్మినార్ 1591 నాటిది, దానికి కాపీరైట్ ఊసే లేదు. నిన్న కట్టిన అద్దాల మేడైనా సరే, ఫొటో తీసి అచ్చేసుకోవచ్చని 1957 కాపీరైట్ చట్టం సెక్షన్ 52లోనే ఉంది. హుస్సేన్‌సాగర్ బుద్ధుడు, ట్యాంక్‌బండ్ విగ్రహాలూ అంతే. శిల్పం జనం తిరిగే చోట శాశ్వతంగా ఉండాలి, అంతే షరతు. ఖైరతాబాద్ గణపతి నిమజ్జనమయ్యేవాడు, ఆయన్ని ఈ లెక్కలో కలపకు. చేసిన శిల్పిని అడుగు.

నా భయమంతా గోడ బొమ్మలతోనే. ఆ మినహాయింపులో శిల్పం ఉంది, రంగుల చిత్రం లేదు. మక్తా బస్తీలో బొమ్మలేసిన గోడలు వీధిలోనే ఉన్నా, గీసినవాడి హక్కు వీధిపాలు కాదు. వాడు బతికున్నంత కాలం, పోయాక ఇంకో 60 ఏళ్లు ఉంటుంది.

నాంపల్లిలో స్టూడియో పెట్టిన కొత్తలో ఒక మిఠాయి దుకాణానికి క్యాలెండర్ చేశాను. ఒక హోటల్ గోడ మీద బతుకమ్మ ఆడే ఆడవాళ్ల బొమ్మ ఉండేది. పొద్దుటెండలో తీశాను, అదిరిపోయింది. సంక్రాంతి దాటాక ఒక ముసలాయన వచ్చి, చుట్టి తెచ్చిన క్యాలెండర్ కౌంటర్ మీద పరిచాడు. తేదీల కట్టను బొటనవేలితో పైకి లేపాడు. దాని కింద ఎర్రరంగులో ఆయన సంతకం, సగమే. మిగతా సగం సైజుకు సరిపోలేదని నేనే కోసేశాను.

"పేరన్న ఉంచకపోతివి కొడుకా" అన్నాడు.

పైసలివ్వబోతే తీసుకోలేదు. చాయ్ తెప్పిస్తే తాగలేదు. కోర్టుకెక్కి ఉంటే ఆ ఏడాది కిరాయి కట్టలేకపోయేవాణ్ణి. పేరు మీద చిత్రకారుడికి సెక్షన్ 57 కింద వేరే హక్కే ఉందని ఒక వకీలు సాబ్ తర్వాత చెప్పాడు. అప్పటికి ఆ గోడకు సున్నం కొట్టేశారు, ఆయన ఇల్లెక్కడో అడగలేదు నేను.

'నెట్‌లో అందరూ పెడుతున్నారు మామా' అనకు, చెవి మెలేస్తాను. సరదాకి పెట్టడం వేరు, ముద్రించి అమ్మడం వేరు. చిత్రకారుణ్ణి వెతుకు, కాగితం మీద ఒప్పుకోలు రాయించుకో. డబ్బులు తక్కువైతే నన్నడుగు, మీ అమ్మకు చెప్పను.

ఆదివారం రా. మీ అత్త సర్వపిండి చేస్తానంది. మక్తా ఫొటోలు తీసుకురా, కింది మూలలు కోయకుండా.

మీ మామ