బంగారం తాకట్టు పెట్టే ముందు

ప్రశ్న: మాది విజయవాడ, సత్యనారాయణపురం. చాలా ఏళ్లుగా ఇంట్లోనే బ్లౌజులు కుడుతున్నాను, మగ్గం వర్క్ చేయిస్తున్నాను. కస్టమర్లు ఫోన్‌పే చేసే డబ్బు మావారి ఖాతాలో పడుతుంది. చిన్న షాపు తీసుకుని మరో రెండు మిషన్లు వేయాలనుకుని బ్యాంకుకు వెళితే, ‘మీవారిని తీసుకురండి’ అన్నారు. ఆయనేమో ఇంట్లో కుట్టుకుంటే చాలదా, అప్పెందుకంటున్నారు. ఆరేళ్ల బాబును ఎవరు చూస్తారని అత్తగారి ప్రశ్న. పుట్టింటివారు పెట్టిన బంగారాన్ని ఆయనకు చెప్పకుండా తాకట్టు పెట్టనా?

జవాబు: అమ్మా, కస్టమర్ల డబ్బు మీవారి ఖాతాలో పడుతోందని ఒక్క వాక్యంలో రాసి వదిలేశారు గానీ, చిక్కుముడి అక్కడే పడిందని నాకు అనిపిస్తోంది. శ్రావణమాసంలోనూ పెళ్లి ముహూర్తాలప్పుడూ అర్ధరాత్రి దాకా మిషన్ మీద కూర్చుని మీరు సంపాదించిన ప్రతి రూపాయీ ఆయన పేరున జమ అవుతుంటే, మీ పేరున లావాదేవీలేవీ కనబడని బ్యాంకు అధికారి మీకు వ్యాపారమే లేదనుకుంటారు, ఇంట్లోవాళ్లు దాన్ని తీరిక వేళ చేసుకునే పనిగా లెక్కగడతారు. పనితనం ఉండి కూడా ముందుగదిలోనే ఆగిపోయిన ఆడవాళ్ల వ్యాపారాల్లో ఈ లోటు నేను తరచూ చూస్తున్నాను.

అందుచేత షాపు మాట ఒక ఆరు నెలలు పక్కన పెట్టి, ముందు మీ పేరున ఖాతా తెరిచి క్యూఆర్ కోడ్ మార్చండి. ఆర్డర్ల పుస్తకంలో కొలతల పక్కనే అడ్వాన్సు, బాకీ, మగ్గం పనివారికిచ్చిన కూలి, వన్‌టౌన్ వస్త్రలత బట్టల మార్కెట్లో కొన్న లైనింగు ఖర్చు రాయండి. ‘మనవాళ్లే కదా’ అని డబ్బు తీసుకోకుండా కుట్టిచ్చిన బ్లౌజులు కూడా రాయండి. వాటి ఏడాది కూలి కూడి చూస్తే మీకే ఆశ్చర్యం వేస్తుంది. చిన్న వ్యాపారాలకు ప్రభుత్వ నమోదు అయిన ఉద్యమ్ రిజిస్ట్రేషన్ ఆధార్‌తో ఆన్‌లైన్‌లో ఉచితంగా అవుతుంది, దానికి డబ్బడిగే వారిని నమ్మకండి.

ఆ తర్వాత చిన్న వ్యాపారాలకిచ్చే ముద్ర రుణానికి బ్యాంకులో దరఖాస్తు చేయండి. 2015లో మొదలైన ఈ పథకంలో రూ.50,000 వరకు శిశు, ఆపైన రూ.5 లక్షల వరకు కిశోర్ విభాగం కింద ఇస్తారు. ఆస్తి తాకట్టు అక్కర్లేదు, భర్త సంతకం ఉండి తీరాలన్న షరతూ పథకంలో లేదు. మళ్లీ మీవారిని తీసుకురమ్మంటే, ఏ నిబంధన ప్రకారమో రాసివ్వమని మర్యాదగా అడగండి. మెప్మా (పట్టణ పేదరిక నిర్మూలన సంస్థ) పొదుపు సంఘంలో సభ్యులైతే సంఘం ద్వారా వచ్చే రుణం సంగతీ కనుక్కోండి.

పుట్టింటివారు పెట్టిన బంగారం స్త్రీధనం. దానిపై పూర్తి హక్కు భార్యదేనని సుప్రీంకోర్టు 1985లోనే తేల్చి చెప్పింది కనుక తాకట్టుకు ఎవరి అనుమతీ అవసరం లేదు. అయినా చెప్పకుండా పెట్టవద్దనే అంటాను. అది బయటపడిన రోజున షాపు మంచిచెడ్డలు వెనక్కి పోయి, మీరు దాచారన్నదే ఇంట్లో తగువవుతుంది. పైగా బంగారమంతా మొదటే వాడేస్తే, పెళ్లిళ్లు లేని ఆషాఢంలో అద్దె కట్టడానికి ఆధారం మిగలదు.

మీవారి భయాన్ని కొట్టిపారేయకండి. షాపు పెట్టనివ్వమని బతిమాలడం మాని, ఆరు నెలల లెక్కల పుస్తకం ఆయన ముందుంచి అద్దె ఎంత, వాయిదా ఎంత, మిగిలేది ఎంత అన్నది చెప్పండి. ఒక నెల వాయిదా తప్పితే ఏం చేస్తారో కూడా చెప్పండి. అత్తగారి ప్రశ్న న్యాయమైనదే గానీ, దానికి మీరొక్కరే జవాబుదారీ కావడం న్యాయం కాదు, బాబు మీ ఇద్దరి బిడ్డ. బేరం సాయంత్రాలే ఎక్కువ కనుక, అయిదు నుంచి ఎనిమిది దాకా వాడి దగ్గర ఏ రోజు ఎవరుంటారో ముందే మాట్లాడుకోండి. షాపు మీ పేటలోనే, ఇంటికి నడిచి వచ్చేంత దూరంలో చూసుకోండి; బీసెంట్ రోడ్డు లాంటి పెద్ద బజారు ఊసు ఇప్పుడే వద్దు.

ఖాతా మార్చడానికే ఆయన అడ్డుపడినా, బంగారం లాక్కున్నా అది షాపు తగువుగా చూడవలసిన విషయం కాదు. 2005 నాటి గృహహింస చట్టం ఆర్థిక వేధింపునూ హింసగానే పరిగణిస్తుంది. మీ ఉత్తరాన్ని బట్టి అంతదాకా వస్తుందనుకోను. వస్తే మాత్రం ఆలస్యం చేయకుండా మహిళల హెల్ప్‌లైన్ 181కి ఫోన్ చేయండి, నాకూ రాయండి.